నా అంగట్లో నేర్పిన అబద్ధం

ఆ రోజు స్టేషన్లో ఎస్సై అడిగిన ప్రశ్న చాలా చిన్నది. ఎదురుగా నిలబడి ఉన్న ఆమెను చూపించి, "ఈమెను నీ అంగట్లో ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు. "అంగడన్నాక నూరుమంది వస్తారు, పోతారు సార్. ఎవరినని గుర్తుపెట్టుకోను?" అన్నాను. నేను చెప్పకుండా మింగేసింది ఇది: విమానాశ్రయంలో ఏ అబద్ధం చెప్పాలో ఆమెకూ, ఆమె చిన్నాయన కూతురికీ నేర్పించింది నా అంగట్లోనే. నేర్పించినవాడు కూర్చున్నది నా పక్క కుర్చీలోనే. వాళ్లిద్దరి చేతుల్లో టికెట్లు పెట్టినవాణ్ణి నేనే.

హిందూపురంలో ఇప్పుడు నా గురించి ఒక మంచి మాట తిరుగుతోంది. విత్తనాల అంగడాయన తనంతట తాను ముందుకొచ్చి సాక్ష్యం చెప్పి, ఒక ఆడమనిషిని కేసులోంచి బయటపడేశాడని. పెళ్లిళ్లలో కలిసినవాళ్లు భుజం తట్టి మరీ అంటున్నారు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆమె ఆ కేసులో ఇరుక్కున్నదే నా నోరు మూతపడినందువల్ల. ఆ సగం కూడా నా చేత్తోనే రాసి పెట్టాలని కూర్చున్నాను.

మా అంగడి నాయన పెట్టింది. వేరుశనగ, కంది, జొన్న, మొక్కజొన్న విత్తనాలు. నాయనది మంచి చేయి అని రైతులకు నమ్మకం. తొలివాన పడగానే వచ్చి, మూటలన్నీ తూకం వేయించుకున్నాక కూడా కదిలేవాళ్లు కాదు. తువ్వాలు పరిచి, "నీ చేత్తో ఒక దోసెడు పొయ్యి శెట్టీ, అది ముందు చల్లుకుంటాం" అని నిలబడేవాళ్లు. నాయన పోయాక ఆ మర్యాద నాకు వచ్చింది. చెన్నేకొత్తపల్లి వైపు వాళ్లకు ధర్మవరం దగ్గర. అయినా దోసెడు విత్తనం కోసం బస్సెక్కి మా దగ్గరికే వచ్చేవాళ్లు. మడకశిర వైపు వాళ్లు సగం కన్నడంలో, సగం తెలుగులో పొగిడేవాళ్లు. ఆ పొగడ్తలో ఒక సుఖం ఉంది. పంట పండితే నా చేయి మంచిదనేవాళ్లు. ఎండితే వాన రాలేదనేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్కరైనా వచ్చి, నీ చేయి వల్ల మునిగిపోయామని అనలేదు. మంచికి నేను, చెడుకు ఇంకెవరో అనే అలవాటు నాలో అట్లా పాతుకుపోయింది.

మా రైతుల పొలాలకు డ్రిప్ పైపులు వేసే మనిషి ఒకడు ఉండేవాడు. నవ్వుతూ మాట్లాడతాడు, అందరి పిల్లల చదువులూ అడుగుతాడు. బోర్లు ఎండి పైపులు అమ్ముడుపోవడం మానేశాక వాడు గల్ఫ్‌కు మనుషుల్ని పంపే పనిలోకి దిగాడు. ఒకరోజు నా పక్కన కూర్చుని కాఫీ తాగుతూ అన్నాడు.

"ఏం శెట్టీ, నీ చేయి విత్తనాలకేనా? మనుషులకు పనికిరాదా?"

"మనుషుల్ని యాడ చల్లల్లప్పా?" అన్నాను.

"చల్లేది నేను. నువ్వు ఊరికే చేత్తో టికెట్ అందియ్యి. నీ చేత్తో తీసుకుంటే వాళ్లకు ధైర్యం."

దీంట్లో నాకు వచ్చేదేమీ లేదు, ఆ పెద్దరికం తప్ప. అదే చాలింది. ఆ తర్వాత వాడు ఎవరిని పంపుతున్నా నా అంగడికి తీసుకొచ్చేవాడు. ఒక పళ్లెంలో టికెట్టు, పసుపు కుంకుమ, రెండు అరటిపళ్లు పెట్టి నా ముందు ఉంచేవాడు. నేను తీసి వాళ్ల చేతుల్లో పెట్టేవాణ్ణి. కొందరు కాళ్లకు మొక్కేవాళ్లు. వద్దంటూనే మొక్కించుకున్నాను.

ఆమె వచ్చింది అట్లాంటి ఒక రోజే. పెనుకొండ అవతల ఒక పల్లెలో భూమి ఉన్న ఇంటి కోడలు. భర్తతో కలిసి ఏళ్లుగా మా అంగడికి వచ్చిన మనిషి. బోర్లు వేసి వేసి విసిగిపోయి, ఇద్దరు పిల్లల చదువు కోసం వంటపనికి పోవడానికి ఒప్పుకుంది. అయితే, భూమి ఉన్న ఇంటి ఆడమనిషి ఇంకొకరింట్లో అంట్లు తోమడానికి పోయిందంటే వాళ్ల ఊళ్లో తల ఎత్తుకోలేరు. అందుకని బెంగళూరులో బంధువుల ఇంటికి పోతున్నానని ఊళ్లో చెప్పింది. ఇప్పుడు ఆలోచిస్తే వాడికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ గుట్టే. ఎవరికీ చెప్పకుండా పోయే మనిషి గురించి అడిగేవాళ్లు ఉండరు. అంతకుముందు పోయివచ్చినవాళ్లను, ఇది సరైన దారేనా అని ఆమె అడగడానికీ వీలు లేదు.

ఆమెతో పాటు చిన్నాయన, ఆయన కూతురు కూడా వచ్చారు. పెళ్లయిన ఏడాదికే మొగుడు చనిపోయి పుట్టింటికి చేరిన పిల్ల. ఆ పిల్లను పంపాలని పట్టుబట్టింది చిన్నాయనే. అక్క తోడుంటుంది కదా అని.

వాడు పాఠం మొదలుపెట్టాడు.

"యాడికి పోతాండావమ్మా అని అడుగుతారు. ఏం చెప్తావ్?"

"పనికి పోతాండామని," అంది పిల్ల.

"చంపినావు పో! పని అంటే ఆడ్నుంచే ఇంటికి పంపిస్తారు. మా పెద్దక్క ఆడ ఉండాది, బిడ్డ పుట్టినాడు, సూసి రాను పోతాండామని చెప్పల్ల. ఏదీ, చెప్పు."

"మాకు ఆడ పెద్దక్క లేదు గదప్పా."

"ఇప్పుడు పుట్టింది లే!"

చిన్నాయన గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు ఆ లేని అక్కకు ఒక పేరు పెట్టాడు, ఆమె మొగుడికి ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఇద్దరితోనూ మళ్లీ మళ్లీ చెప్పించాడు. పెద్దామె తల వంచుకుని వల్లించింది. పిల్ల మాత్రం ఆగి నా వైపు తిరిగింది.

"అన్నా, ఇట్ల అబద్ధం చెప్పి పోవచ్చునా? ఏమీ కాదా?"

అప్పుడు అంగట్లో వేరే బేరం లేదు. తొందరేమీ లేదు. వీసాల సంగతి నాకు లోతుగా తెలియదు గానీ, నిజంగా ఉద్యోగం ఉన్నచోటికి పోయే మనిషికి అక్క బిడ్డ కథ ఎందుకు కావలసివచ్చిందో ఆలోచించేంత తెలివి నాకుంది. ఆలోచించాను కూడా. అయినా పళ్లెం అప్పటికే నా ముందు ఉంది, అందరూ నా చేతి వైపే చూస్తున్నారు.

"ఏమీ కాదమ్మా. అందరూ అట్లనే పోతాండారు. మంచే జరుగుతుంది, పో," అని టికెట్లు అందించాను.

తర్వాత వాళ్లకు ఏం జరిగిందో ఆమె రాయమన్నంతే రాస్తాను. విమానం దిగిన దేశంలో వాళ్లకు పని లేదు. అక్కడినుంచి సామాన్ల వ్యానులో, పెట్టెల వెనక కూర్చోబెట్టి, సరిహద్దు దాటించి ఇంకో దేశంలోకి తీసుకెళ్లారు. పాస్‌పోర్టులు తీసుకున్నారు. ఇద్దరినీ వేరు వేరు ఇళ్లకు పంపారు. ఆమె చేసిన పనికి జీతం అడిగితే, నువ్వు దొంగదారిన వచ్చినదానివి, పోలీసులను పిలవమంటావా అన్నారు. ఆ ఒక్క మాటతో ఎన్నాళ్లయినా పని చేయించుకోవచ్చు. ఆమె ఒకరోజు చెత్త పారేయడానికి బయటికి వచ్చి, వెనక్కి పోకుండా నడిచింది. కొంతకాలం అక్కడి నిర్బంధంలో ఉండి, మన ఎంబసీవాళ్లు ఇచ్చిన కాగితాలతో ఇంటికి చేరింది. చెల్లెలు ఏ ఇంట్లో ఉందో ఆమెకు తెలియదు.

ఇంటికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని, చెల్లెలు కనబడడం లేదని స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వడం. పైపులవాణ్ణి పట్టుకున్నారు. వాడు చాలా తేలిగ్గా తప్పించుకునే మాట చెప్పాడు: ఆ పిల్లను తెచ్చింది ఈమే, ఈమెకు దాంట్లో వాటా ఇచ్చినాను అని. ఎస్సై చిన్నాయనను పిలిపించాడు. తన కూతుర్ని తానే చేయిపట్టి తీసుకొచ్చి అబద్ధం నేర్పించానని చెప్పుకుంటే ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి ఆయన? "ఈమే సార్, మాయమాటలు చెప్పి నా బిడ్డను తీసుకపోయింది," అన్నాడు.

"చిన్నాయనా, నువ్వు ఆ దినం ఆడనే కూర్చోనుంటివి గదా!" అంది ఆమె. ఆయన నేల చూపులు చూశాడు. ఆమె చెప్పగా నన్నూ పిలిపించారు. నేను గుమ్మంలో కనబడగానే ఆమె మొహం తేటపడింది. అది నాకు బాగా గుర్తు. "అదో, శెట్టన్న వచ్చినాడు. అడగండి సార్. అన్నా, నువ్వన్నా చెప్పు."

నేను చెప్పింది మొదటే రాశాను.

ఎస్సై చెడ్డవాడు కాదు. తన ముందు ఉన్న మాటలను బట్టి రాసుకున్నాడు. ముగ్గురు మగవాళ్లం, మూడు రకాలుగా, మా మా పరువు కాపాడుకున్నాం. ఆమె రెండో ముద్దాయి అయింది. చెల్లెలి కోసం ఫిర్యాదు ఇచ్చిన మనిషి, చెల్లెల్ని అమ్ముకున్న మనిషి అయింది. బెయిలు మీద బయట ఉన్నా, పిలిచినప్పుడల్లా స్టేషన్‌కు పోవాలి. ఊళ్లో ఆమె దగ్గర పాలు పోయించుకోవడం మానేశారు. అవన్నీ నాకు చెవిన పడుతూనే ఉన్నాయి. మా అంగడికి ఆమె ఊరివాళ్లు ఇంకా వస్తున్నారు. "దుడ్లకాశపడి సొంత చెల్లెల్నే పంపిందంట సూడు శెట్టీ," అని నాతోనే అంటే, తల ఊపి తూకం వేశాను.

ఇట్లా ఉండగా ధర్మవరంలో ఒక అవగాహన సభ పెట్టారు. విదేశాలకు దొంగదారిన పంపేవాళ్ల గురించి. వర్తకుల తరఫున పెద్దమనిషిగా నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. పోనని చెప్పడానికి సాకు దొరకలేదంటే అబద్ధం. వెతకలేదు. వెనక కట్టిన బ్యానరు మీద ఒక విమానం బొమ్మ, దానిమీద ఎర్రటి అడ్డగీత ఉంది. ముందు వరుసలో మగ్గం పనివాళ్లు ఇద్దరు కూర్చుని గుసగుసలాడుకోవడం నాకు వినిపిస్తోంది.

"విమానం ఎక్కకూడదంటప్పా."

"మల్ల దుబాయికి బస్సు ఏస్తారేమో కనుక్కో. నేను కిటికీ పక్కన కూర్చుంటా."

నా వంతు వచ్చినప్పుడు లేచి, దురాశకు పోవద్దని, ఉన్న ఊరు కన్నతల్లి అని, ఆడవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

నా తర్వాత మాట్లాడిన మనిషి ఒక వకీలు. నా కన్నా చిన్నది. పెనుకొండలో ఆఫీసు పెట్టుకుని ఇట్లాంటి కేసులు చూస్తుంది. ఆమె మైకు పట్టుకుని ముందు బ్యానరు వైపు తిరిగి చూసింది.

"ఇంతసేపూ మనం పోయినవాళ్లను తిట్టాం. పంపినవాళ్ల ఊసే ఎత్తలేదు. పోయినవాళ్లు ఏం తప్పు చేశారు? పని కోసం ఊరు దాటారు. ఈ హాల్లో ఉన్నవాళ్ల తాతలు కూడా పని కోసం ఎక్కడినుంచో ధర్మవరం వచ్చినవాళ్లే అయివుంటారు. దొంగదారిన తీసుకుపోయారంటే, మంచిదారి వాళ్లకు ఎవరూ చూపించలేదని అర్థం. తిరిగొచ్చినవాళ్లను మనం ముద్దాయిల్లా నిలబెడితే ఇంకొకరు వచ్చి నోరు విప్పరు. వాళ్లు నోరు విప్పకపోతే ఈ వ్యాపారం చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? పోయివచ్చినవాళ్లు వేదిక మీద ఒక్కరూ లేరు. ఎందుకు లేరు?"

ఆమె ఎవరినీ చూడకుండానే అడిగింది. అయినా ఆ ప్రశ్నకు ఆ హాల్లో నిజమైన జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వేదిక మీద ఉండవలసిన మనిషి స్టేషన్ బెంచీ మీద ఉంది. ఆమెను అక్కడ కూర్చోబెట్టి నేను ఇక్కడ శాలువా కప్పించుకున్నాను.

తర్వాతి వారం పెనుకొండ పోయి ఆ వకీలుకు మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆమె మధ్యలో రెండు చోట్ల ఆపి, పైపులవాడు ఫోన్లో ఎవరితో ఏ భాషలో మాట్లాడేవాడో, ఏ ఊరి పేర్లు వినబడ్డాయో అడిగింది. నాకు గుర్తున్నాయి. వాడు నా ముందే ఎన్నిసార్లో మాట్లాడాడు. నేను అక్కరలేదని మూసుకున్న నోటి వెనక, ఆ పిల్లను వెతకడానికి పనికొచ్చే పేర్లు కూడా ఉన్నాయని నాకు అప్పుడు తట్టింది. అప్పటిదాకా నా మౌనం ఒక్క మనిషినే ముంచిందని అనుకుంటూ వచ్చాను.

"రేపే పోయి ఆమె కాళ్ల మీద పడతానమ్మా," అన్నాను.

"వద్దు," అంది వకీలు. "మీ మనసు తేలికపడడానికి ఆమెను మళ్లీ నలుగురిలో నిలబెట్టకండి. మీరు ఏం చేయాలో మీరూ నేనూ కాదు, ఆమె చెప్పాలి. నేను కనుక్కుంటాను. ఇంకో మాట. నిజం చెబితే మీ మీద కూడా కేసు రావచ్చు. తెలిసే వస్తున్నారా?"

"తెలిసే."

"అయితే మీకు వేరే వకీలును పెట్టుకోండి. నేను ఆమె వకీలును."

నా జీవితంలో ఎవరైనా నన్ను పక్కన పెట్టి, ముందు ఇంకొకరి మాట అడిగింది అదే మొదలు. ఆ సమయంలో కొంచెం గుచ్చుకుంది. ఇప్పుడు అదే సరైన పని అనిపిస్తుంది. ఇన్నాళ్లూ పెద్దామెను పైపులవాడు ఒకచోటికి పంపాడు, నేను దీవించాను, చిన్నాయన నింద వేశాడు, పోలీసులు రాసుకున్నారు. నీకేం కావాలని ఆమెను అడిగిన మొదటి మనిషి ఆ వకీలే.

పెద్దామె వకీలు ద్వారా చెప్పి పంపింది రెండే. మేజిస్ట్రేట్ ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అది అయ్యాక, చిన్నాయన ఇంటి ముందర, ఆయన వినేలా అదే మాట చెప్పాలి. అంతకుముందు తన గడప తొక్కకూడదు.

మేజిస్ట్రేట్ ముందు అంతా చెప్పాను, లేని అక్కకు పెట్టిన పేరుతో సహా. ఆ పిల్ల నన్ను అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు చెప్పాను. ఆ తర్వాత విచారణ మళ్లీ మొదటినుంచీ జరిగింది. పేర్లను బట్టి పోలీసులు ఇంకో ఇద్దరిని పట్టుకున్నారు. వాళ్ల ద్వారా ఆ పిల్ల ఉన్న ఇల్లు తెలిసింది. ఆ పిల్ల ఇప్పుడు ఎంబసీవాళ్ల ఆశ్రయంలో ఉంది, కాగితాల కోసం ఎదురుచూస్తోంది. కోర్టుకు ఇచ్చిన చార్జిషీటులో పెద్దామె పేరు ముద్దాయిల్లోంచి సాక్షుల్లోకి మారింది. నా సంగతి ఏం చేయాలో ఇంకా తేల్చలేదు. తేల్చినది ఒప్పుకుంటాను. పళ్లెం పెట్టే ఆచారం మాత్రం ఎవరూ చెప్పకుండానే మా అంగట్లో ఆగిపోయింది.

వకీలు ఆఫీసు బయట ఒకసారి పెద్దామె ఎదురుపడింది. నేను పక్కకు తప్పుకోబోతే తనే పలకరించింది.

"నేను మల్ల పోతానన్నా," అంది. "ఈసారి సరైన కాయితాలతో, ఊళ్లో అందరికీ చెప్పి. ఈడ బోర్లలో నీళ్లు వచ్చినాయా ఏమి?"

ఇంత జరిగాక ఆమె ఇంట్లో కూర్చుంటుందని, కూర్చోవాలని నేను అనుకుంటున్నానని అప్పుడు తెలిసింది. సభలో నేను చెప్పిన ఉపన్యాసం ఇంకా నాలోనే ఉంది. ఆమెకు జరిగిన అన్యాయం ఊరు దాటడం కాదు. దాటే మనిషికి నిజం చెప్పకపోవడం.

చిన్నాయన ఇంటికి ఒక ఆదివారం పొద్దున పోయాను. ఆమె, ఆమె భర్త, వకీలు అప్పటికే వచ్చి ఉన్నారు. నేను పిలవకుండానే చుట్టుపక్కల నలుగురు చేరారు. చిన్నాయన అరుగు మీదినుంచి లేవలేదు.

"ఇప్పుడెందుకు శెట్టీ ఇవన్నీ తవ్వేది? బిడ్డ దొరికింది గదా."

"బిడ్డ దొరికిందప్పా. ఈమె పోగొట్టుకున్న పేరు దొరకలేదు ఇంకా," అన్నాను. "ఆ దినం నా అంగడికి బిడ్డను తీసుకొచ్చింది నువ్వు. పక్కన కూర్చోని నవ్వింది నువ్వు, నేను. ఈమె ఎవర్నీ పిలవలేదు, ఎవర్నీ పంపలేదు. వాటా అనేది వాడు పుట్టించిన మాట."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బిడ్డను నేనే తోలుకపోయినా," అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు గానీ అక్కడున్న వాళ్లందరికీ వినబడింది.

అప్పుడు ఆమె వైపు తిరిగాను. ఇంటి దగ్గర ఎన్నో మాటలు అనుకుని పోయాను. అవేవీ గుర్తు రాలేదు.

"అమ్మా, ఎస్సై అడిగినప్పుడు నువ్వు నాకు బాగా గుర్తుండావు. నీ చెల్లెలు అడిగిన మాటా గుర్తుండాది. గుర్తు లేదని నేను అబద్ధం చెప్పినా, నిన్ను దొంగను చేసినా. తప్పు నాదమ్మా. నన్ను మన్నించు."